ఏటి తిన్నాది?

కవిటిలో క్రియాటినిన్ అనే మాట
బడికెళ్లని ముసలమ్మక్కూడా వచ్చు.
ఉప్పు ధర చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు,
"మా ఆయనకి నాలుగు పాయింటారు, మీవోడికెంత?"
కాబట్టి లోలాక్షి కాగితం మీద
రెండు పాయింటెనిమిది కనబడగానే
వీధి వీధంతా తీర్పు చెప్పేసింది:
నీళ్లే. మన నీళ్లే.
రాయవెల్లూరు దాకా వెళ్లి రక్తం మార్చుకొచ్చినా
ఉద్దానం నీళ్లు పిల్లని వదల్లేదు.

నా మందుల షాపు బస్టాండు ఎదురుగా.
తమ్ముడు గున్నయ్య మూలకణాలు
ఒక సంచీలో, టమాటా చారు రంగులో,
చుక్క చుక్కగా అక్కలోకి దిగాయని
వాళ్లమ్మ తవిటమ్మే చెప్పింది నాకు, బిల్లు కడుతూ.
ఇప్పుడు అక్క ఒంట్లో తమ్ముడి సైన్యం.
అది ఇంటివాళ్ల మీదే తిరగబడకుండా
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి టాక్రోలిమస్.
ఊపిరితిత్తులకి బూజు పట్టకుండా ఇంకో మాత్ర.
ఆ రెండోది మొదటిదాన్ని ఓ పట్టాన ఒంట్లోంచి పోనివ్వదు,
అందుకని పెద్ద డాక్టర్లు ముందే
మొదటిదాన్ని మూడో వంతుకి తగ్గించారు.
చీటీ చూశాను. లెక్క సరిగ్గానే ఉంది.
కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసిచ్చాను.
అంతకు మించి ఏమీ అడగలేదు.

అడగాల్సింది.

ఒక సాయంత్రం తల్లితో లోలాక్షే వచ్చింది, మాస్కు పెట్టుకుని.
చిల్లర లెక్కపెడుతుంటే రూపాయి బిళ్లలు
గాజు బల్ల మీద టకటక కొట్టుకున్నాయి.
జాకెట్లు కుట్టే పిల్ల.
"సూదిలో దారం ఎక్కట్లేదన్నా, మూడ్రోజులై."
ఆ వణుకు నీళ్లది కాదు.
నీళ్ల జబ్బు చప్పుడు చెయ్యకుండా వస్తుంది,
మా నాన్నకి వచ్చినట్టు.

"ఏటి తిన్నాదమ్మా ఈ వారం?"
"ఏటి తింతాది బాబూ, నోరంతా పుండు.
గంజి నీల్లు, మరగేసిన నీల్లు, ఇంకేటీ లేదు."
నాటు మందు? లేదు. ఆకు పసరు? ఒట్టు, లేదు.
అప్పుడే గున్నయ్య సైకిలు దిగాడు.
హ్యాండిలుకి సంచి. సంచిలోంచి పైకి తేలి
పిల్లాడి తలకాయంత
పంపరపనస.

"ఇదొక్కటే దిగుతాది అక్కకి," అన్నాడు.
"రోజుకోటి తెత్తన్నాను. కడిగీసి, తొనలు ఒలిసీసి..."
గర్వంగానే అన్నాడు.
ఒంట్లోంచి ఇచ్చినవాడు
చెట్టు మీంచీ ఇస్తున్నాడు.

ఎలా చెప్పను?
ఇచ్ఛాపురం చెక్‌పోస్టు తెలుసు కదా గున్నయ్యా,
లారీ లారీనీ ఆపి, వెతికి, వెనక్కి పంపేది?
పేగుల్లో అలాంటిదొకటుంది.
మింగిన మందులో కొంతే లోపలికి.
డాక్టరు రాసిన లెక్క ఆ కొంతకే.
ఈ పండు గుమాస్తాలందర్నీ నిద్రపుచ్చుతుంది.
గేటు ఎత్తే ఉంటుంది. లారీలన్నీ లోపలికి.

వాడు చెక్‌పోస్టు గురించి వినలేదు.
సంచి మాత్రం మెల్లగా వీపు వెనక్కి జరుపుకున్నాడు.

రక్తం సీసా విశాఖ వెళ్లింది, ఐసు డబ్బాలో, రైల్లో.
పది దాటకూడని చోట ఇరవై ఆరు.
వెల్లూరు నుంచి ఫోన్లో ఒక ఆడ గొంతు:
రెండు రోజులు ఆపండి, మళ్లీ చూడండి, పండు మానండి.
తొమ్మిది రోజులకి క్రియాటినిన్ ఒకటి పాయింట్ నాలుగు.
అక్కడే ఆగింది.
ఇంకా దిగుతుందో, అందులో నీళ్ల వాటా ఎంతో
ఇప్పటికీ నాకు తెలియదు.

గున్నయ్య గొడ్డలి తీశాడు.
లోలాక్షి కొట్టనివ్వలేదు.
"మాత్రలు ఆపీసినాక తింతాను. ఉండనీ."
రాత్రుళ్లు పెరట్లో పండు రాలి దబ్బుమంటుందట.
ఇద్దరూ మేలుకునే ఉంటారట,
ఒకరికొకరు చెప్పుకోరట.

ఇప్పుడు నేను కొన్ని మాత్రల కవర్ల మీద
సూర్యుడి కింద, చంద్రుడి కింద
ఒక గుండ్రటి బొమ్మ గీసి అడ్డంగా కొట్టేస్తున్నాను.
నిన్న ఒక తాత దాన్ని వెలుతురుకి పట్టి చూసి,
"బంతాట ఆడకూడదేటి బాబూ?" అన్నాడు.
కుర్చీ వేసి కూర్చోబెట్టాను.